గృహవిషయములు: గోడలోని పాతతీగ

మేడయిండ్లలో క్రిందిభాగమున నమర్చిన ఇంటర్నెట్టు పైగదులకు సరిగా నందుట లేదనియు, దీనికి సాధనమేమనియు పలువురు సోదరీమణులు మమ్మడుగుచున్నారు. యంత్రవిషయమని దీనిని మగవారికి విడిచిపెట్టుట మాకు సమ్మతము కాదు. ఇంటిలో ఏ గది యెవరికి పనికివచ్చుననునది గృహిణి యెరుగవలసిన సంగతియే గదా.

మా పొందూరులో పెంకుటిండ్లుండిన తావుల కాంక్రీటు మేడలు లేచుచున్నవి. వైఫై యనునది రేడియోతరంగము. అది చెక్కతలుపును సులభముగా దాటును; ఇటుకగోడను కొంత శ్రమతో దాటును; ఇనుపచువ్వలు వలవలె పరచిన కాంక్రీటు కప్పును దాటునప్పటికి దాని సత్తువ చాలవరకు ఉడిగిపోవును. రౌటరు పెట్టె సాధారణముగా ముందుగదిలో టెలివిజను ప్రక్కన నుండును. వచ్చినవారు కూర్చుండునదియు, పెద్దలు వార్తలు వినునదియు, పసివాండ్రు కొట్లాడునదియు నచ్చటనే. 2020లో బడులు మూతపడి పాఠములు ఫోనులోనికి వచ్చినపుడు, మేడపై చదువుకొనవలసిన ఆడపిల్లలు మెట్లమీద కూర్చుండి పాఠము వినుట మేము కన్నులార చూచితిమి. మగపిల్లవాడు స్నేహితుని యింటికి పోయి చదువుకొనగలడు. ప్రొద్దుగూకిన తరువాత ఆడపిల్లకు ఆ వీలు కలదా? ఉద్యోగపరీక్షలకు చదువుకొను కన్యలకును, ఇంటినుండియే కొలువు చేయు కోడండ్రకును నేడును ఈ యిబ్బంది తప్పుట లేదు. తలుపు వేసికొనుటకు గది యున్నది; ఆ గదిలో ఇంటర్నెట్టు లేదు.

ఐతే పెక్కుయిండ్ల గోడలలో నొక సాధనము ఊరక పడియున్నది. 1990 తరువాత కేబులు టెలివిజను వ్యాపించిన దినములలో ఇల్లు కట్టినవారు క్రిందిగదికిని, మేడగదికిని నల్లని కేబులు తీగను పైపులలో నడిపించిరి. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ గారు ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించిరి. విద్యుత్ స్తంభములమీదుగా వచ్చు సన్నని గాజుతీగపై టెలివిజను, టెలిఫోను, ఇంటర్నెట్టు మూడును ఇంటికి చేరసాగినవి. అట్టి తీగ వచ్చిన యింట పాత కేబులు తీగకు పని తప్పినది.

ఆ తీగ సామాన్యమైనది కాదు. నడుమ రాగిరంగు తీగ, దానిచుట్టు తెల్లని నురుగువంటి పొర, దానిపై సన్నని లోహపుపోగుల అల్లిక, అన్నిటిపైన నల్లని తొడుగు. ఈ యమరికకు ఇంగ్లండు దేశస్థుడగు ఆలివర్ హెవిసైడ్ 1880లోనే పేటెంటు పొందెను. లోపలి సంకేతమును బయటికి పోనీయకుండుటయు, బయటిదానిని లోనికి రానీయకుండుటయు ఆ అల్లిక చేయు పని. నేతపని చూచిన మా యూరి స్త్రీల కన్నులకు అది ముచ్చటగానే తోచును.

ఈ తీగపై ఇంటర్నెట్టును నడుపుటకు 2004లో ఏర్పడిన కంపెనీల కూటమి యొకటి ‘మోకా’ యను పద్ధతిని కల్పించినది. దీనికి రెండు చిన్నపెట్టెలు కావలెను. ఒకదానిని క్రింద రౌటరునకును కేబులు తీగకును కలుపవలెను. రెండవదానిని మేడపై ఆ తీగ యొక్క రెండవ కొనకు తగిలించి, దానినుండి మరియొక చిన్న వైఫై పెట్టెకు కలుపవలెను. అంతట మేడగదిలో క్రొత్తగా వైఫై పుట్టును. ఈ పద్ధతిలో 2.5 అను తరమునకు సెకనునకు 2,500 మెగాబిట్ల వరకు శక్తి కలదు. ఏ సంసారమునకును అంత అక్కరలేదు.

కొనుటకు ముందు ఆ తీగ ఎక్కడనుండి ఎక్కడికి పోవుచున్నదో స్వయముగా చూడుడు. మేడపై గొడుగువంటి డిష్ ఉండి అదే తీగపై టెలివిజను వచ్చుచున్నచో ఈ పని పొసగదు. రెండును ఒకే తరంగములను కోరును. కేబులు టెలివిజనుతో మాత్రము పొత్తు కుదురును. అప్పుడు తీగ వీధినుండి ఇంటిలోనికి వచ్చుచోట ఒక వడపోత బిళ్ల బిగింపవలెను. లేనిచో మన సంకేతము పొరుగింటికి పోవును. తీగను రెండుగా చీల్చు పాత స్ప్లిట్టరు పెక్కుసారులు 1,000 మెగాహెర్ట్జులకు మించి పనిచేయదు. 1,675 వరకు పనిచేయుదానిని వేయవలెను. చేతితో మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులను తీసివేయుడు.

ఇంతయు చెప్పి యొక నిజము దాచుట తగదు. ఈ పెట్టెలు మన పట్టణముల అంగళ్లలో సులభముగా దొరకవు; తెప్పించుకొనవలెను, వెలయు నెక్కువ. కావున మేము మొదట మరియొక దారి చూడుడనెదము. మా నేతవారు అచ్చు అతుకుట అందరు నెరిగినదే. మగ్గముపై పాతపడుగు ముగియునపుడు దాని కొనలకు క్రొత్తపడుగు పోగులను ఒక్కొక్కటిగా అతికి, పాతదానివెంట క్రొత్తదానిని అచ్చులోనుండి లాగుదురు. గోడలోని తీగతోను అదే చేయవచ్చును. పాత కేబులు కొనకు క్రొత్త లాన్ తీగను గట్టిగా కట్టి, కట్టుచోట టేపు నునుపుగా చుట్టి, ఒకరు క్రిందనుండి అందించుచుండగా ఒకరు మేడపైనుండి మెల్లగా లాగవలెను. క్యాట్-6 అను ఆ తీగ 100 మీటర్ల దూరమువరకు సెకనునకు 1,000 మెగాబిట్లను మోయును. వెల స్వల్పము. పైపు వంపులలో తీగ బిగిసి కదలనిచో మాత్రమే మోకా పెట్టెల మాట తలపెట్టుడు. లాగుటకు ముందు మెయిను స్విచ్చి ఆపి, ఆ పైపులో కరెంటు తీగ లేదని పని తెలిసినవానిచేత చూపించుట మరువరాదు.

గోడకు తగిలించు చిన్న ఎక్స్‌టెండరు చాలదా యని కొంద రడుగుదురు. అది గాలిలో అందుకొన్నదానినే మరల గాలిలో పంపును. అందుచేత వేగము చాలవరకు తగ్గును. ఫోనులో మాటలాడుటకు చాలును గాని, ఎదుట పరీక్ష జరుగుచున్నపుడు దానిని నమ్ముట మాకిష్టము లేదు.

కరెంటు పోయినపుడు క్రిందిపెట్టెయు, పైపెట్టెయు రెండును ఇన్వర్టరుపై నుండవలెను. ఒక్కటి ఆరిన రెండవది నిరుపయోగమే. క్రొత్తగా ఇల్లు కట్టించువారు ముందుగదినుండి మేడగది వరకు ఒక అంగుళపు ఖాళీపైపు వేయించి, లోపల గట్టి త్రాడొకటి విడిచిపెట్టింపుడు. కప్పు పోయుటకు ముందురోజున మేస్త్రితో చెప్పినను సరిపోవును.