క్లచ్చు ప్లేటు ఎవరి ఖాతాకు?

కారునకు గాని ట్రాక్టరునకు గాని క్లచ్చు అనుకొన్న కాలముకంటె ముందుగా అఱిగిపోయెనా, మన గ్రామములలో తీర్పు తఱచుగా షెడ్డులోనే జరిగిపోవుచున్నది. "ప్లేటు కాలిపోయినది" అని మెకానిక్కు అనును. యజమాని డ్రైవరు వంక చూచును. ఆ నెల జీతములో కొంత సొమ్ము తగ్గును. విప్పిన భాగములను ఎవరైన చేతబట్టి పరీక్షించిరా యను ప్రశ్నయే పుట్టదు. ఇది న్యాయము కాదనియు, సొమ్ము పట్టుకొన్న యజమానికి సైతము తుదకు నష్టమే యనియు మా యభిప్రాయము.

క్లచ్చు ఎన్నాళ్లు రావలెనని పలువురు అడుగుచుందురు. నాగటికఱ్ఱు ఎన్నాళ్లు వచ్చునని యడిగినచో రైతు ఏమి చెప్పును? నల్లరేగడియా, గరుసునేలయా యని తిరిగి ప్రశ్నించును. క్లచ్చును అట్టిదే. సామాన్యముగా నడపిన కారులో 80,000 మొదలు 1,50,000 కిలోమీటర్ల వఱకు వచ్చుట వాడుక. విజయవాడ నుండి హైదరాబాదునకు రహదారిమీద పోవు కారు గంటలతరబడి క్లచ్చుతో అంతగా పని లేకయే సాగిపోవును. అదే కారు హైదరాబాదు వీధులలో ఒక్క సాయంకాలము తిరిగినచో లెక్కలేనన్ని మాఱులు పెడలు తొక్కవలసివచ్చును. మొదటి దారిని తిరిగిన కారు 2,00,000 దాటినను, రెండవ దారిని తిరిగినది 40,000 నాటికే ప్లేటు కోరినను వింత లేదు. ట్రాక్టరునకు కిలోమీటర్లు పనికిరావు, గంటల మీటరే ప్రమాణము. అందును పొడవైన చేలో దున్నిన గంట వేఱు, చిన్న మడిలో గట్టు గట్టునకు మలుపుచు దమ్ముచేసిన గంట వేఱు. కావున "కొని రెండేండ్లయిన కాలేదు" అను మాట క్లచ్చు విషయమున సాక్ష్యముగా నిలువదు.

లోపలి సంగతి కొంచెము తెలిసికొనవలెను. ఇంజనుతో పాటు తిరుగు ఫ్లైవీలునకును, స్ప్రింగుల బలముతో నొక్కు ప్రెషరు ప్లేటునకును నడుమ ఒక పలుచని బిళ్ల యుండును. దానికి రెండు ప్రక్కల రాపిడికి ఓర్చు పొరను రివెట్లతో బిగించియుందురు. అదియే క్లచ్చు ప్లేటు. మూడును ఒకటిగా తిరుగునంతసేపు ఆ పొర అఱుగదు. జాఱునపుడే అఱుగును. బండి నిలుచున్నచోటినుండి కదలునపుడు కొంత జాఱుడు తప్పదు గాని, దాని కొలత మన చేతిలోనే యున్నది. ఇంజను ఒకే వేగమున తిరుగుచుండగా, రెండవ గేరు మొదటిదానికంటె రెట్టింపు వేగమున బండిని నడపునదైనచో, కదలించుటలో క్లచ్చు మ్రింగు వేడిమి రెట్టింపు కాదు, నాలుగింతలగును. నిండిన ట్రాలీని రెండవ గేరులో కదలించుట గొప్పతన మనుకొను పడుచువారు ఈ లెక్కను గమనింపవలెను.

ఒక చిన్న విశేషము. తొలినాళ్ల మోటారు కారులలో తోలు తొడిగిన శంకువువంటి క్లచ్చులు వాడుకలో నుండెను. ఆ తోలు ఎండి బిగిసిపోకుండ దానికి ఆముదము మొదలగు నూనెలు పట్టించెడివారు. నేటి పొడి క్లచ్చునకు అదే నూనె విషము. ఇంజను వెనుకటి సీలునుండియో, గేరుపెట్టె ముందఱి సీలునుండియో ఆయిలు కాఱి పొరను తడిపెనా, ఎంత నేర్పరి నడపినను అది జాఱక మానదు. ఆ తప్పు డ్రైవరుది ఎట్లగును?

డ్రైవరుల తప్పులు లేవని మేము చెప్పుటలేదు. పెడలుమీద పాదము ఆనించియే యుంచుట, కాలువగట్టు ఎక్కునపుడు బ్రేకు వేయక సగము క్లచ్చుమీద బండిని నిలిపియుంచుట, ఇంజనును గట్టిగా అఱపించుచు కాలు మెల్లమెల్లగా వదలుట మనము దినదినము చూచుచున్నవే. అయితే ఆ ట్రాలీలో మోయదగినదానికంటె అధికముగా ధాన్యపు బస్తాలు ఎక్కింపుమన్నది ఎవరు? బాడుగ ఒక్క దఫాలో ముగియవలెనని యజమాని తొందరపెట్టగా, గట్టుమీద క్లచ్చు కాలిన వాసన వచ్చినచో, ఆ ఖర్చు జీతగానిపై వేయుట ఏ ధర్మము?

ఇక ఎవరి కంటను పడని కారణము పెడలు వదులు. పెడలు నొక్కగనే తొలుత కొంతదూరము ఏ బరువును లేక తేలికగా పోవలెను. చాల ట్రాక్టర్లకు ఇది సుమారు 20 నుండి 30 మిల్లీమీటర్లు. సరియైన కొలత యంత్రముతో ఇచ్చిన పుస్తకములో నుండును. ప్లేటు అఱిగినకొలది ఈ వదులు తగ్గిపోవును. సరిచేయనిచో, ఎవరును కాలు పెట్టకయే యెల్లవేళల ఎవరో పెడలును తొక్కిపట్టినట్లే యగును. ఒక స్పానరుతో కొద్దిసేపటిలో ముగియు పనిని మానివేసి వేల రూపాయలు పోగొట్టుకొనుచున్నాము. నేటి కారులలో పెక్కింట ఈ సవరణ తనంతట జరుగునట్లు అమర్చియున్నారు గాని, ట్రాక్టర్లలో చాలవఱకు మనమే చూడవలెను.

విప్పిన భాగములే చాలవఱకు కథ చెప్పును. పొర రెండు ప్రక్కల సమముగా రివెట్ల వఱకు అఱిగియున్నచో అది వయసు తీఱిన ప్లేటు, ఎవరిని నిందింపనక్కఱలేదు. నూనెతో తడిసియున్నచో సీలు తప్పు. ఫ్లైవీలుమీద నీలి మచ్చలున్నచో మిక్కిలి వేడెక్కినది నిజమే. ఐనను అది పాదము చేసిన పనియా, వదులు లేకపోవుట చేసిన పనియా యని పెడలును కొలిచినగాని తేలదు. ఆ కొలత విప్పకముందే తీయవలెను. పాత ప్లేట్ల పొరలో ఆస్బెస్టాసు కలిపెడివారు కనుక, ఆ ధూళిని గాలిగొట్టముతో ఊదింపరాదు. ప్లేటు నొక్కటి మార్చి, నీరసించిన ప్రెషరు ప్లేటును, అఱచుచున్న రిలీజు బేరింగును అట్లే యుంచి బిగించినచో క్రొత్త ప్లేటును అకాలముననే పోవును. అప్పుడు మరల అదే డ్రైవరు దోషి!

1936లో ఫ్యాక్టరీల, రైల్వేల పనివారికై వచ్చిన వేతనముల చెల్లింపు చట్టములోనే, నష్టము పనివాని యజాగ్రత్తవలననే కలిగినదైన గాని, అతనికి సంజాయిషీ చెప్పుకొను అవకాశ మిచ్చిన గాని, జీతములో కోత విధింపరాదను నియమ ముండెను. మన ట్రాక్టరు డ్రైవరునకు ఆపాటి విచారణ యైన దక్కవలదా?

యజమానికి నష్ట మెట్లన్నచో, డ్రైవరుమీద నేరము మోపి ఊరకున్నవాడు అమ్మినవానిని అడుగడు. క్లచ్చు పొర అఱుగుదల వస్తువని వారంటీ పత్రములు సాధారణముగా త్రోసిపుచ్చును. అయితే సీలు లోపముచేతనో, ప్రెషరు ప్లేటు లోపముచేతనో అది చెడినచో సంగతి వేఱు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, స్వయముపాధితో జీవనము గడపుకొనుటకై తానే వాడుకొన కొన్నవాడు వినియోగదారుడే. జిల్లా కమిషనులో ఫిర్యాదునకు రెండేండ్ల గడువు కలదు. పాత భాగములను షెడ్డులోనే వదలివచ్చినచో అక్కడ చూపుట కేమి మిగులును? వానిని గోనెసంచిలో కట్టి ఇంటికి తెచ్చుకొనవలెను.

యంత్రములను అద్దెకిచ్చు సంఘములు ప్రతి ట్రాక్టరునకు ఒక పుస్తక ముంచి, పెడలు వదులును కొలిచిన తేదీని, నాటి గంటల మీటరును అందు వ్రాయించుట మంచిది. కొన్ని ట్రాక్టర్లకు దమ్ముపనిలో క్లచ్చుపెట్టె అడుగు రంధ్రమునకు బిరడా బిగింపవలసి యుండును. పని ముగిసినపిదప దానిని తీసి, చేరిన నీరో నూనెయో కాఱిపోనిచ్చినారా లేదా యనునదియు వ్రాయింపవలెను. ట్రాలీలో ఎన్ని బస్తాలు ఎక్కించిరో, ఎవరి మాటపై ఎక్కించిరో, ఆ వరుసను మాత్రము డ్రైవరుచేతనే వ్రాయింపవలెను.