తాళం చెవి ఎవరి దగ్గర?

"ఆయన నన్నేమీ అనడక్కా. రాత్రి అన్నాలయ్యాక బల్ల మీద పాత గుడ్డ పరిచి, దాన్ని విప్పి, తుడిచి, మళ్ళీ బిగిస్తాడు. అంతే. నేను ఎదురుగా కూచోవాలి. లేచానంటే 'ఎక్కడికి?' అంటాడు."

2020 ఏప్రిల్ చివర్లో, డాలస్ శివార్లలోని ఒక ఇంటి బాత్‌రూంలోంచి, కుళాయి తిప్పి ఉంచి, గొంతు తగ్గించి ఒకమ్మాయి నాతో చెప్పిన మాటలివి. దక్షిణాసియా స్త్రీల కోసం కొందరం కలిసి నడిపే హెల్ప్‌లైన్‌లో ఆ వారం నా వంతు. (ఆ అమ్మాయిని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.) నా ముందు ఒక ఫారం ఉంది. కొట్టాడా? లేదు. గొంతు పట్టుకున్నాడా? లేదు. డబ్బు ఇవ్వడా? ఇస్తాడు. ఇంట్లో ఆయుధం ఉందా? ఉంది. తాళం వేసి ఉంచుతారా? "ఆఁ, వేసే ఉంటుందక్కా. చిన్న ఇనప్పెట్టె కొన్నాడు. మళ్ళీ రాత్రికే తీస్తాడు."

'అవును' అన్న గడిలో టిక్కు పెట్టాను. మా ఫారం లెక్క ప్రకారం అది భద్రంగా ఉన్న తుపాకీ.

ఆ టిక్కు గురించే ఈ వ్యాసం. ఎందుకంటే ఆ రోజుల్లో డాక్టర్లు, ఆసుపత్రులు, ప్రజారోగ్యం వాళ్ళు, చివరికి తుపాకుల వ్యాపారులు కూడా ఒకే మాట చెప్పారు. తుపాకీ కొనుక్కున్నారా, సరే, గుళ్ళు తీసేయండి, తాళం వేయండి, గుళ్ళు వేరే చోట దాచండి. మంచి సలహాయే. కానీ దాన్ని ఎవరికి చెబుతున్నారు? తాళం చెవి ఎవరి జేబులో ఉందో వాళ్ళకి. ఇంట్లో రెండో మనిషి ఒకరుంటారనీ, ఆవిడ భద్రత వేరనీ ఆ కరపత్రాలు రాసినవాళ్ళకి తట్టలేదు.

కాస్త వెనక్కి వెళ్దాం. 2020 మార్చిలో మా ఊళ్ళో టాయిలెట్ పేపరు కోసం ఒక వరస, తుపాకుల కోసం ఇంకో వరస. ఆ ఒక్క నెలలో అమెరికాలో తుపాకీ కొనుగోలుదార్ల నేపథ్య తనిఖీలు 37 లక్షలు దాటాయి. ఆ ఏడాది మొత్తమ్మీద దాదాపు 3 కోట్ల 97 లక్షలు. తనిఖీ జరిగిన ప్రతిసారీ అమ్మకం జరుగుతుందని కాదుగానీ, గాలి ఎటు వీచిందో చెప్పడానికి అది చాలు. బడులు మూశారు, గుళ్ళు మూశారు, చర్చిలు మూశారు. తుపాకుల దుకాణాలు మూయాలా వద్దా అని రెండు వారాలు వాదించుకుని, మార్చి 28న ఫెడరల్ ప్రభుత్వం వాటిని అత్యవసర సేవల జాబితాలో చేర్చింది. మా టెక్సస్‌లో అయితే అంతకు ముందు రోజే అటార్నీ జనరల్, స్థానిక ప్రభుత్వాలకు వాటిని మూయించే అధికారం లేదని తేల్చేశాడు. ఇంట్లో హింస పడుతున్న ఆడవాళ్ళు తలదాచుకునే వసతిగృహాల్లో మంచాల మధ్య దూరం పెంచాలని పడకలు తగ్గిస్తున్న రోజులవి!

ఎవరు కొన్నారు? ఎప్పుడూ కొనేవాళ్ళే మళ్ళీ కొన్నారనుకున్నాం. 2019 జనవరి నుంచి 2021 ఏప్రిల్ దాకా జరిగిన కొనుగోళ్ళ మీద 2022లో ఒక అధ్యయనం వచ్చింది. 75 లక్షల మంది పెద్దవాళ్ళు మొట్టమొదటిసారిగా తుపాకీ యజమానులయ్యారని తేలింది. వాళ్ళలో 54 లక్షల మంది ఇళ్ళలో అంతకు ముందు తుపాకీ అన్నదే లేదు. తమతో పాటు ఇంట్లో ఉన్న కోటి పైచిలుకు మందిని, అందులో 50 లక్షల మంది పిల్లల్ని, ఆ తుపాకీ పక్కకి తెచ్చారు. ఆ కోటి మందిని ఎవరైనా అడిగారా?

మనవాళ్ళూ కొన్నారు. దీని గురించి తెలుగు సంఘాల్లో ఎవరూ పైకి మాట్లాడరు. హెచ్-1 వీసా మీద ఉన్నవాళ్ళు మామూలుగా తుపాకీ కొనకూడదు. కానీ వేట లైసెన్సు ఉంటే కొనొచ్చని చట్టంలో ఒక మినహాయింపు ఉంది. ఆ అమ్మాయి భర్త జన్మలో జింకని వేటాడింది లేదు, కోడిని కూడా శుభ్రం చేయించుకుని తెచ్చుకునే మనిషి. లైసెన్సు మాత్రం తీసుకున్నాడు. ఎందుకంటే దొంగలు పడతారు, లూటీలు జరుగుతాయి, ఆసియా వాళ్ళని కొడుతున్నారు. భయం అబద్ధం కాదు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఒలాతేలో, సాయంత్రం స్నేహితుడితో కూచున్న మన తెలుగు ఇంజనీరుని ఒకడు మా దేశం వదిలి పొమ్మంటూ కాల్చి చంపాడు. ఆ వార్త వచ్చిన రాత్రి నేనూ నిద్రపోలేదు. కానీ ఆ భయంతో కొన్న తుపాకీ వీధి వైపు చూడలేదు. ఆ ఏడాది వీధిలో ఎవరూ లేరు. అందరూ ఇంట్లోనే ఉన్నారు.

తాళం వల్ల ఉపయోగం లేదని నేననడం లేదు. పిల్లల విషయంలో అది ప్రాణాలు కాపాడుతుంది. 2020లో అమెరికాలో 1 నుంచి 19 ఏళ్ళ లోపు వాళ్ళ మరణాలకు మొదటి కారణం తుపాకీ అయింది, రోడ్డు ప్రమాదాల్ని కూడా దాటిపోయి. ఆ ఏడాది తుపాకీ మరణాలు 45,222. వాటిలో సగానికి పైగా, 24,292, ఆత్మహత్యలు. ఆ ఆలోచన చాలామందిలో ఒక్క ఉధృతిలో వచ్చి వెళ్ళిపోతుందనీ, ఆ కాసేపు ప్రాణాంతకమైన వస్తువు చేతికందకపోతే మనిషి బతుకుతాడనీ ప్రజారోగ్యం చెబుతోంది. తుపాకీ అయితే పదిమందిలో తొమ్మిదిమందికి రెండో అవకాశం ఉండదు.

ఇది మనకి తెలియని సంగతి కాదు. మన పల్లెల్లో ఆ వస్తువు పురుగుమందు డబ్బా. శ్రీలంక పల్లెల్లో ఇంటింటికీ మందు దాచుకునే తాళం పెట్టెలు పంచి చూశారు. 2017లో ఫలితాలొచ్చాయి. పెట్టెలు పంచిన ఊళ్ళకీ పంచని ఊళ్ళకీ తేడా లేదు. ఇంట్లో మనిషికి ఇంట్లో తాళం ఒక అడ్డా? అదే శ్రీలంకలో ప్రాణాంతకమైన మందుల్ని ఒక్కొక్కటిగా అమ్మకంలోంచే తీసేశాక, 1995 నుంచి ఇరవయ్యేళ్ళలో ఆత్మహత్యల రేటు మూడింట రెండు వంతులకు పైగా పడిపోయింది. తుపాకీ తాళమూ, మందుపెట్టె తాళమూ ఒకటి కాదు, ఒప్పుకుంటాను. కానీ 'దాచుకోండి' అనడానికీ 'తీసేయండి' అనడానికీ మధ్య ఎన్ని ప్రాణాలుంటాయో మన పక్క దేశమే చూపించింది.

ఇప్పుడు భార్యల సంగతికొద్దాం. హింసించే భర్తకి తుపాకీ అందుబాటులో ఉంటే ఆమె హత్యకి గురయ్యే ప్రమాదం ఐదు రెట్లు పెరుగుతుందని జాక్వెలిన్ కాంప్‌బెల్ బృందం పదకొండు నగరాల్లో పరిశోధించి 2003లోనే చెప్పింది. కాలిఫోర్నియాలో లక్షల మందిని పన్నెండేళ్ళ పాటు గమనించి 2022లో ఇంకో లెక్క తేల్చారు. తనకి తుపాకీ లేకుండా, పిస్తోలున్న మనిషితో ఒకే ఇంట్లో ఉంటున్నవాళ్ళు భర్త లేదా సహచరుడి చేతిలో కాల్పులకి చనిపోయే రేటు ఏడు రెట్లకు పైగా ఎక్కువ. అలా పోయినవాళ్ళలో 84 శాతం స్త్రీలు. తుపాకీ కొన్నది రక్షణ కోసం. ఎవరి రక్షణ?

పైగా ఈ లెక్కలన్నీ చనిపోయినవాళ్ళవి. బల్ల మీద గుడ్డ పరిచి తుడిచే తుపాకీ ఏ లెక్కలోకొస్తుంది? భాగస్వామి తుపాకీతో బెదిరించిన స్త్రీలు అమెరికాలో 45 లక్షల మంది దాకా ఉంటారని అంచనా. వాళ్ళలో ఎక్కువమంది ఇళ్ళలో ఒక్క గుండు కూడా పేలి ఉండదు. పేలనవసరం లేదు. దాని పని అది చేసేస్తుంది. ఆవిడ ఫోను పెట్టేస్తుంది, చెల్లెలికి రాయడం మానేస్తుంది, వద్దనడం మరిచిపోతుంది.

2020 ఏప్రిల్ 5న ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి గుటెరెస్ ఇళ్ళలో కాల్పుల విరమణ కావాలని పిలుపునిచ్చారు. విని చాలామందికి అది అలంకారం అనిపించింది. మా హెల్ప్‌లైన్‌లో అది అలంకారం కాదు.

ఇక్కడే నా స్నేహితురాళ్ళతో నాకు పేచీ. 2021లో మా సమావేశంలో ఒకావిడ, నేను గౌరవించే రచయిత్రి, లేచి అంది: "ఏడ్చే బదులు మనమే నేర్చుకుందాం. అందరం కలిసి షూటింగ్ రేంజికి వెళ్దాం. తుపాకీ పట్టిన మల్లు స్వరాజ్యం వారసులం కాదా మనం?" చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండింది.

స్వరాజ్యం చేతిలోది ఒంటరి ఇంటి తుపాకీ కాదు. ఊరూ, దళమూ, సంఘమూ వెనకున్న తుపాకీ. నిజాం రాజ్యం మీదా దొరల మీదా ఎత్తిన తుపాకీ. ఆ పోరాటంలోని స్త్రీలు తమ నోటితో చెప్పిన కథలు 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా వచ్చాయి కదా, అందులో మనసుని కోసేది తుపాకీ పట్టిన రోజులు కాదు. 1951లో పోరాటం ఆగాక 'ఇక ఇంటికి వెళ్ళండి' అన్నప్పటి రోజులు. తుపాకీ చేత్తో పట్టిన స్త్రీని కూడా వంటింటి నుంచి తుపాకీ కాపాడలేకపోయింది. ఆ పుస్తకం చదివి మనం నేర్చుకున్నది ఇదేనా, వ్యాపారి అమ్మే పిస్తోలు కొనుక్కోమనా? ఆడవాళ్ళకి పిస్తోలు అమ్మాలన్నది స్త్రీవాదుల ఆలోచన కాదు, స్మిత్ అండ్ వెసన్ కంపెనీది. 1989లో 'లేడీస్మిత్' అని పేరు పెట్టి మరీ బజార్లో పెట్టారు.

లెక్కలు కావాలా? కాలిఫోర్నియాలోనే చేసి 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పిస్తోలున్న స్త్రీలు తుపాకీతో ఆత్మహత్య చేసుకునే రేటు పిస్తోలు లేని స్త్రీల కంటే 35 రెట్లు. మగవాళ్ళలో ఆ తేడా ఎనిమిది రెట్లు. హింసలో కూరుకుపోయిన స్త్రీ చేతిలో ఆ ఇనుము ఎటు తిరుగుతుందో చెప్పడానికి నాకు ఇంకో ఉదాహరణ అక్కర్లేదు.

మరి ఏం చెయ్యాలంటారు? తుపాకీ ఇల్లు దాటాలి. ప్రమాదంలో ఉన్న మనిషి, లేదా ప్రమాదంగా మారిన మనిషి చేతిలోంచి కొంతకాలమైనా తీసేసే కోర్టు ఉత్తర్వులకి 1999లో కనెక్టికట్ దారి వేసింది. ఇప్పుడు 20కి పైగా రాష్ట్రాల్లో ఉన్నాయి. టెక్సస్‌లో లేవు. అడిగిన రోజే చేతికివ్వకుండా కొన్నాళ్ళు ఆగమనాలి. 2021 మార్చి 16న అట్లాంటా మసాజ్ పార్లర్లలో ఎనిమిది మందిని, అందులో ఆరుగురు ఆసియా స్త్రీలని చంపినవాడు ఆ తుపాకీని ఆ రోజే కొన్నాడు. డాక్టరు అడగాలి, అదీ భర్తని బయట కూచోబెట్టి అడగాలి. అలా అడగకూడదని ఫ్లోరిడా 2011లో చట్టమే చేసింది, దాన్ని కొట్టెయ్యడానికి 2017 దాకా పట్టింది.

చట్టాలున్నా ఎలా వంచుతారో మా పక్క ఊళ్ళోనే చూశాం. స్నేహితురాలిని కొట్టి, తుపాకీతో బెదిరించిన ఒకతని మీద 2020 ఫిబ్రవరిలో టెక్సస్ కోర్టు రక్షణ ఉత్తర్వు ఇచ్చింది. అలాంటివాళ్ళ దగ్గర తుపాకీ ఉండకూడదని ఫెడరల్ చట్టం. 2023లో ఫిఫ్త్ సర్క్యూట్ ఆ చట్టం చెల్లదంది! కారణం? రాజ్యాంగం రాసిన కాలంలో అలాంటి చట్టాలు కనిపించలేదట. ఎలా కనిపిస్తాయి? పెళ్ళాన్ని కొట్టడం మగవాడి ఇంటి వ్యవహారంగా చూసిన కాలంలో, పెళ్ళాన్ని కొట్టినవాడి తుపాకీ తీసుకోమని చట్టం ఎవరు రాస్తారు? మన గొంతు నొక్కేసిన చరిత్రని తెచ్చి, అందులో మన గొంతు వినపడలేదు కాబట్టి మీకు హక్కు లేదంటారు. 2024 జూన్‌లో సుప్రీంకోర్టు 8-1తో ఆ తీర్పుని కొట్టేసింది. నిట్టూర్చాం. కానీ చరిత్రలో పోలిక వెతకాలన్న పద్ధతి మాత్రం పోలేదు.

పరిశోధన సంగతీ అంతే. ఇంట్లో తుపాకీ ఉంటే ఇంట్లోవాళ్ళకే ముప్పని 1993లో కెల్లర్‌మన్ బృందం చూపిస్తే, 1996లో డికీ సవరణ తెచ్చి ఆ పరిశోధనల నోరు కట్టేశారు. మళ్ళీ 2019 చివర్లో గానీ దానికంటూ ఫెడరల్ డబ్బు రాలేదు. 2024 జూన్‌లో సర్జన్ జనరల్ వివేక్ మూర్తి తుపాకీ హింస ప్రజారోగ్య సంక్షోభం అని ప్రకటించారు. 2025లో ప్రభుత్వం మారాక ఆ ప్రకటనని ఆరోగ్యశాఖ తన పేజీల్లోంచి తీసేసింది.

ఆ అమ్మాయి మూడుసార్లు ఫోన్ చేసింది. పుట్టింటికి వెళ్దామంటే విమానాలు లేవు, హెచ్-4 మీద ఉద్యోగం లేదు. పోలీసుల్ని పిలుద్దామంటే, "వద్దక్కా, వాళ్ళొచ్చి వెళ్ళాక నేనుండాల్సింది ఆ ఇంట్లోనే కదా" అంది. జులైలో ప్రభుత్వం వేసిన ప్రత్యేక విమానంలో సీటు దొరికి హైదరాబాదు వెళ్ళిపోయింది. కేసు పెట్టలేదు. కాబట్టి ఆయన మీద ఏ ఉత్తర్వూ లేదు, ఆ పిస్తోలు గురించి ఏ కాగితం మీదా ఒక్క ముక్క లేదు.

మా ఫారం మార్చాం. 'తాళం వేసి ఉంచుతారా?' కింద ఇప్పుడు ఇంకో ప్రశ్న ఉంది: 'చెవి ఎవరి దగ్గర?' అది పెట్టించడానికి మా కమిటీలో నాలుగు నెలలు వాదించాల్సొచ్చింది. అడిగితే భయపెట్టినట్టవుతుందని కొందరన్నారు.

2022లో ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకుని కొత్త భార్యని తీసుకొచ్చాడని తెలిసింది. అదే ఇల్లు. మా నంబరున్న చిన్న కార్డు ఒకటి అక్కడి ఇండియన్ దుకాణంలో, ఆడవాళ్ళ బాత్‌రూం తలుపు లోపలి వైపు అంటించి వచ్చాను.