వైకల్యం మీదికి నెట్టేయకండి

సంపాదకులకు,

మేధో వైకల్యం ఉన్నవారు త్వరగా మరణించడానికి ఆ వైకల్యమే కారణమని గత సంచికలో వ్యాసకర్త తేల్చేశారు. ఆధారాలు అలా చెప్పడం లేదు. నైరుతి ఇంగ్లండ్‌లో 247 మరణాలను పరిశీలించి 2013లో వెలువడిన విచారణ నివేదిక ప్రకారం, వీరిలో పురుషులు సాధారణ జనం కంటే 13 ఏళ్లు, స్త్రీలు 20 ఏళ్లు ముందే కన్నుమూశారు. రోగనిర్ధారణలో, చికిత్సలో జాప్యాలూ అందులో బయటపడ్డాయి. నొప్పిని మాటల్లో చెప్పలేని మనిషి తల బాదుకుంటే, అన్నం తోసేస్తే 'వాడి తీరే అంత' అని వదిలేస్తారు. అది పంటి నొప్పో, మలబద్ధకమో, అపెండిసైటిస్సో కావచ్చు. రౌండ్లకు వచ్చి వెళ్లే డాక్టరు కన్నా పూటపూటా మంచం దగ్గరుండే నర్సే ఆ మార్పును ముందుగా పసిగట్టగలరు.

ఉన్న రోగులకే నర్సులు చాలడం లేదు, ఇక ప్రత్యేక శ్రద్ధ ఎక్కడిదని అడగవచ్చు. కొరత నిజమే. కానీ 'మామూలుగా ఎలా ఉంటాడమ్మా?' అని తల్లిని అడిగి కేసు షీటులో రాయడానికి, రాత్రి తోడుండనివ్వడానికి కొత్త పోస్టులు అక్కర్లేదు. ఓపీలో వీరిని ముందు పిలిస్తే మిగతావారికి అన్యాయమనే వాదన అసలే నిలవదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్ వైద్యంలో ప్రాధాన్యం ఇవ్వాలనే చెబుతోంది. బ్రిటన్‌లో మేధో వైకల్యం ఉన్నవారి సేవకు ప్రత్యేక నర్సింగ్ విభాగమే ఉంది. మనకు అది రేపటికి రేపు సాధ్యం కాకపోవచ్చు. అయితే ఈ రంగంలో పనిచేసే జాతీయ సంస్థ సికింద్రాబాద్‌లోనే ఉంది కదా! దాని సాయంతో వార్డు నర్సులకు శిక్షణ మొదలుపెట్టాలని రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్యశాఖలను కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు