జోగులాంబ గుడియు ఎఫెసు కరణమును

దసరా దినములు వచ్చినప్పుడెల్ల పాలమూరు, కర్నూలు పల్లెలలో మన బోధకులు కొందరికి ఒక ఉత్సాహము పుట్టుచున్నది. అలంపురము జోగులాంబ రూపమును వర్ణించి సంఘమును నవ్వించుటయే ప్రసంగమనుకొందురు. తలమీద తేలట, బల్లియట, ఆసనము శవమట! మైకు గొంతు పెంచుదురు, ఊరంతయు వినును.

ప్రియులారా, తాము దేనిని చూచి నవ్వుచున్నారో వీరికి తెలియునా? ఆ తేలును బల్లియు ఇంటిలో జీవకళ తగ్గుటకు గుర్తులనియు, ఆ కీడును దేవి తొలగించుననియు భక్తుల నమ్మకము. అష్టాదశ శక్తిపీఠములలో ఆమెది యొకటిగా ఎంచుదురు. ఉగ్రరూపిణి గనుక చల్లదనము కొరకు గుడిచుట్టు నీటిగుండము ఉన్నదందురు. ఇది మన విశ్వాసము కాదు. అయితే ఇల్లు పాడగునను భయము మన విశ్వాసుల ఇండ్లలో లేదా? ఆ భయముతో గుడిమెట్లెక్కిన స్త్రీని చూచి నవ్వుట ఏ సువార్త?

కట్టడమును గూర్చియు వీరెరిగినది తక్కువే. అక్కడి నవబ్రహ్మాలయములు పేరునకు బ్రహ్మవి, లోపలనున్నది శివలింగము. 7వ శతాబ్దము మొదలు బాదామి చాళుక్యుల కాలమున లేచినవి. శిఖరము ఉత్తరదేశపు రీతిని వంపుతిరిగి పైకిపోయి, ఉసిరికాయవంటి గుండ్రని రాతితో ముగియును. దేవి పాతగుడి కూలిపోగా విగ్రహమును బాలబ్రహ్మాలయములో బహుకాలము ఉంచిరి; ఇప్పటి గుడి 2005లో కట్టినది. శ్రీశైలము జలాశయములో మునగవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయిరాయి విప్పి అలంపురమునకే తెచ్చి నిలిపిరి. (మన పాత ప్రార్థనామందిరముల పెంకులు జారుచుండగా మనము చూచుచు ఊరకున్నాము, అది వేరు సంగతి.)

ప్రవక్తలు విగ్రహములను ఎగతాళి చేయలేదా అని అడుగుదురు. చేసిరి. ఎవరియెదుట? కర్మెలుమీద ఏలీయా పలికినది రెండు తలంపులమధ్య తడబడుచున్న స్వజనులయెదుట. పొరుగువాని గుమ్మముముందు కాదు. పౌలు ఏథెన్సులో వారి దేవతాప్రతిమలను ముందు తిరిగి చూచెను, తరువాతనే నోరు తెరచెను. ఎఫెసులో చేతిపనియైనవి దేవతలు కావని దాచక బోధించెను. అయినను అల్లరి రేగినప్పుడు ఆ పట్టణపు కరణమే లేచి, పౌలు జతవారు గుడి దోచినవారు కారు, మన దేవతను దూషించినవారును కారు అని జనులను సద్దణచెను. అర్తెమిదేవి గుడిని గొప్పగా చెప్పుకొను అన్యుడు ఇచ్చిన సాక్ష్యమది!

ప్రసాదము పెట్టినప్పుడు మర్యాదగా వద్దనుటకు మైకు అక్కరలేదు. తొమ్మిది రాత్రులు మన మైకు విన్న పిమ్మట అలంపురములో ఏ పెద్దమనిషి మనలను గూర్చి ఆ కరణమువలె లేచి మాటలాడును?