పోనీలే అనుకున్న నాలుగొందల ముప్ఫై ఆరు

మొన్నొక పొద్దున మా వీధిలో ఆకుకూరలు అమ్మే ఆమె గంప దించి, సంచిలోంచి రెండు బ్యాంకు పాస్‌పుస్తకాలు తీసి నా చేతిలో పెట్టింది. "అమ్మగారూ, మీరు కథలు రాస్తారంట గదా, ఇది కూడా కాస్త చదివి పెట్టండి. రెండిట్లోనూ డబ్బులు పోతన్నాయంటన్నాడు మావోడు" అంది.

చదివాను. ఒకటి డ్వాక్రా సంఘం అప్పు కోసం తెరిచిన ఖాతా, ఇంకోటి గ్యాసు రాయితీ పడే ఖాతా. రెండింటిలోనూ ఏటా మే నెలాఖరున రూ.436 చొప్పున కోత. 2023, 2024, 2025. అంటే మూడేళ్లలో రూ.1,308 అదనంగా పోయింది. తోటకూర కట్టలు ఎన్ని అమ్మితే అంత వస్తుందో ఆమెనడిగితే చెబుతుంది.

ఈ రూ.436 ఏమిటంటే, ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా ప్రీమియం. 2015లో పథకం మొదలైనప్పుడు రూ.330 ఉండేది, 2022 జూన్ నుంచి రూ.436 అయింది. 18 నుంచి 50 ఏళ్లలోపు వాళ్లు చేరవచ్చు. ఏ కారణంగా చనిపోయినా ఇంటివాళ్లకు రెండు లక్షలు వస్తాయి. మంచి పథకమే, కాదనను. దివిసీమ ఉప్పెనలో, అదే 1977 నవంబరు 19న, ఇంటి పెద్దలను పోగొట్టుకున్నవాళ్ల గోడు విన్న ఈ ప్రాంతంలో బీమా విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. అసలు బీమా మనకు కొత్తా? భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకునీ, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీనీ పెట్టింది మన బందరులోనే.

చిక్కల్లా ఎక్కడంటే, ఒక మనిషికి ఎన్ని ఖాతాల్లోంచి ప్రీమియం కట్ అయినా వచ్చేది ఆ రెండు లక్షలే. పథకం నిబంధనల్లోనే ఉంది ఈ మాట. పొరపాటున రెండోసారి కట్టిన ప్రీమియాన్ని జప్తు చేసుకోవచ్చని కూడా ఉంది! అంటే ఆమె రెండుచోట్లా కడుతున్నా ఆమె పిల్లలకు నాలుగు లక్షలు రావు. కట్టింది వెనక్కి వస్తుందన్న భరోసా కూడా లేదు.

నాకిక్కడే కోపం వచ్చింది. ప్రతి ఖాతాకూ ఆధార్ కలపమని మనల్ని బ్యాంకుల చుట్టూ తిప్పారు కదా. ఒకే మనిషి దగ్గర రెండుసార్లు వసూలు చేస్తున్నామని ఆ ఆధార్ వాళ్లకు చెప్పదా? క్లెయిము వచ్చినప్పుడు పట్టుకోగలిగినవాళ్లు కోసుకునేటప్పుడు ఎందుకు పట్టుకోరు? తప్పు తెలియక చేసిన మనిషికి నష్టం, తప్పు ఆపగలిగీ ఆపనివాళ్లకు లాభం. ఇదేం లెక్క?

ఆమెను వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్లాను. "నిబంధన అంతేనండీ" అన్నారు. "సరే, ఈ రెండో ఖాతాలో కోసుకోమని ఈమె సంతకం పెట్టిన కాగితం చూపించండి" అన్నాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇకమీదట రెండో కోత ఆపేయమనీ, అంగీకార పత్రం నకలు ఇవ్వమనీ, అది లేకపోతే డబ్బు తిరిగి జమచేయమనీ అర్జీ రాసిచ్చి, నకలు మీద ముద్ర వేయించుకున్నాం. రెండు వారాలైంది. కోత ఆపుతామన్నారు గానీ కాగితం ఇంకా చూపించలేదు. నెల దాటితే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాస్తాం. 14448కి ఫోను చేస్తే దారి చెబుతారు.

ఇంత చెబుతున్నాను గానీ, మా ఇంట్లో జరిగిందీ వినండి. మావారు ఒక పాలసీ ప్రీమియం ఫోనులో కట్టారు. మర్నాడు అదే ప్రీమియం బ్యాంకు ఖాతాలోంచి దానంతటదే వెళ్లిపోయింది. "పోనీలే, వచ్చే ఏడు సర్దుకుంటారు" అన్నారాయన. నేను ఊరుకోలేదు. పాలసీ నంబరు, రెండు రసీదులు, పాస్‌పుస్తకం నకలు, రద్దు చేసిన చెక్కు జతచేసి ఉత్తరం రాశాను. నెల తిరక్కుండా డబ్బొచ్చింది. అడక్కపోతే వచ్చేదా? డబ్బు వెళ్లడానికి ఎవరూ అర్జీ పెట్టక్కర్లేదు. రావడానికి మాత్రం మనం రాయాలి.

రాయాల్సిన సందర్భాలు ఇంకా ఉన్నాయి. మొహమాటానికి చుట్టాలబ్బాయి దగ్గర కట్టిన జీవిత బీమా నచ్చకపోతే, పత్రం చేతికందిన 30 రోజుల్లోపు తిప్పి పంపొచ్చు. వైద్య పరీక్ష, స్టాంపు ఖర్చులూ, ఆ నాలుగు రోజుల బీమా ఖరీదూ మినహాయించి మిగతాది ఇస్తారు. ఏడాది ఆరోగ్య బీమాను మధ్యలో వద్దనుకుంటే, క్లెయిము ఏదీ తీసుకోని పక్షంలో, మిగిలిన రోజులకు లెక్కగట్టి తిరిగివ్వాలని 2024లో నియమం వచ్చింది. అప్పుతోపాటు అంటగట్టిన బీమా ఉంటే, అప్పు ముందే తీర్చేసినప్పుడు మిగిలిన కాలానికి ఏమన్నా వస్తుందేమో తప్పక అడగండి.

బీమా కంపెనీ నెలలోగా జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సబబుగా లేకపోయినా, ఏడాదిలోపు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. బీమా నియంత్రణ సంస్థ ఫోను 155255.

ఒక్క పని చేయండి. మీ పాస్‌పుస్తకాలన్నీ బ్యాంకులో ఎంట్రీ వేయించి, మే నెల పేజీ తీసి చూడండి. రూ.436 గానీ, ప్రమాద బీమా రూ.20 గానీ రెండుచోట్ల కనబడితే వచ్చే మే రాకముందే ఒకటి ఆపించండి. ఏ ఖాతాలో ఉంచారో, నామినీ ఎవరో పిల్లలకు చెప్పండి. ఈ బీమాకు పాలసీదారు బ్యాంకే. ఇంట్లో దాచుకునే బాండు ఉండదు, పాస్‌పుస్తకంలో ఆ ఒక్క గీతే గుర్తు.

నిన్న ఆకుకూరలామె మళ్లీ వచ్చింది. "వస్తాయంటారా అమ్మగారూ?" అంది. వస్తాయని చెప్పలేకపోయాను. "అడిగాంగా, ముద్ర కూడా వేయించుకున్నాంగా" అన్నాను. ఆమె నవ్వి, గంప ఎత్తుకుంటూ, "మా సంఘంలో ఇంకో ఆరుగురికి ఇట్టాగే పోతన్నాయంట. రేపు తీసుకురానా?" అంది.

తీసుకురమ్మన్నాను.