జంటచిత్రాలు – సేకర్త ధర్మం

పాత వస్తువులను పోగుచేసే అలవాటు మనిషికి కొత్తది కాదు. నాణేలు, తపాలా బిళ్ళలు, తాళపత్రాలు, అగ్గిపెట్టెల మీది బొమ్మలు – ఎవరి అభిరుచి వారిది. ఆ అభిరుచి లేనివారికి అది ఒక్కొక్కప్పుడు వెర్రిగా తోస్తుంది. పందొమ్మిదవ శతాబ్దపు జంట ఛాయాచిత్రాల అట్టలను వెతికి వెతికి కొనేవారిని చూసి కూడా లోకం నవ్వుతుంది. వన్నె తగ్గిన అట్టముక్కకు అంత విలువ ఏమిటని ప్రశ్నిస్తుంది. ప్రశ్న సహేతుకమైనదే. అయితే దాని సమాధానం అట్టలో కంటే దానిని సేకరించే తీరులోనే ఎక్కువగా ఉన్నది.

మనిషి రెండు కళ్ళ మధ్య ఎడం సుమారు 6.5 సెంటీమీటర్లు. అందుచేత ఒకే వస్తువు కుడికంటికి ఒక విధంగా, ఎడమకంటికి కొద్దిగా వేరొక విధంగా కనిపిస్తుంది. ఈ రెండు రూపాలను మెదడు ఒకటిగా కలిపినప్పుడు లోతు గోచరిస్తుంది. ఈ సూత్రాన్ని ఆధారం చేసుకొని చార్లెస్ వీట్‌స్టన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు అద్దాలతో ఒక పరికరాన్ని నిర్మించి, 1838లో పండితలోకానికి వివరించాడు. అదే స్టీరియోస్కోప్. ఛాయాచిత్రకళ లోకానికి వెల్లడైనది 1839లో. కనుక ఆ తొలి పరికరంలో చూసినవి చేతితో గీసిన రేఖాచిత్రాలే! 1849లో డేవిడ్ బ్రూస్టర్ కటకాలతో చిన్న పరికరాన్ని రూపొందించాడు. 1851 నాటి లండన్ మహాప్రదర్శనలో విక్టోరియా రాణి మెప్పు పొందిన తరువాత అది ఇంటింటి వేడుక అయింది. అమెరికాలో ఆలివర్ వెండెల్ హోమ్స్ అనే వైద్యుడు, రచయిత 1861 ప్రాంతంలో చేతితో పట్టుకొని చూసే తేలికైన సాధనాన్ని తయారుచేశాడు. దానిపై ఏ హక్కునూ ఆయన కోరలేదు. ఆ ఔదార్యం వల్ల అది సామాన్యులకు కూడా అందుబాటులోకి వచ్చింది.

సుమారు మూడున్నర అంగుళాల ఎత్తు, ఏడు అంగుళాల వెడల్పు గల అట్టపై పక్కపక్కనే అతికించిన రెండు చిత్రాలు – ఇంతే ఆ కార్డు. కాని ఇల్లు కదలని గృహిణికి, బడి దాటని బాలునికి అది ఈజిప్టు పిరమిడ్లను, ఆల్ప్స్ పర్వతాలను కన్నుల ముందు నిలిపింది. దూరదర్శన్, చలనచిత్రం లేని కాలంలో అది ప్రపంచానికి తెరచిన కిటికీ. ఆ కిటికీ వేడుకలనే కాదు, దుఃఖాన్ని కూడా చూపింది. 1862లో అమెరికా అంతర్యుద్ధంలో యాంటీటమ్ రణభూమిలో పడి ఉన్న సైనికుల దేహాలను అలెగ్జాండర్ గార్డ్‌నర్ తీసిన జంటచిత్రాలు, యుద్ధమంటే పతాకాలు, బాకాలు మాత్రమే కాదని నగరవాసులకు తెలియజెప్పాయి.

ఇటువంటి కార్డును చదవడం ఒక విద్య. నలుచదరపు మూలలు, పలుచని అట్ట ఉంటే అది సాధారణంగా తొలినాటిది. వెనుకవైపు అమెరికా ప్రభుత్వపు పన్ను బిళ్ళ ఉంటే 1864 – 1866 మధ్య అమ్ముడైనదని చెప్పవచ్చు. అట్ట కొద్దిగా వంపు తిరిగి ఉంటే 1880కి తరువాతిది కావచ్చు. భూతద్దంతో చూసినప్పుడు సన్నని చుక్కలు కనిపిస్తే అది అసలు ఛాయాచిత్రం కాదు, అచ్చుయంత్రం మీద ముద్రించిన చౌక ప్రతి. ఇంత పరిశీలన చేసేవాడు కొనుగోలుదారు మాత్రమే కాదు, పరిశోధకుడు కూడా.

బ్రిటిష్ సంగీతకారుడు బ్రయాన్ మే జీవితం ఇందుకు చక్కని నిదర్శనం. గిటారు వాద్యంతో లోకప్రసిద్ధుడైన ఆయన ఖగోళభౌతిక శాస్త్రంలో డాక్టరేటు పొందిన విద్వాంసుడు కూడా. 1850ల నాటి టి. ఆర్. విలియమ్స్ అనే ఛాయాచిత్రకారుడు ఒక గ్రామాన్ని 59 జంటచిత్రాలలో చూపి, కార్డుల వెనుక పద్యాలు ముద్రించాడు. కాని ఆ గ్రామం పేరు మాత్రం ఎక్కడా చెప్పలేదు. బ్రయాన్ మే ఏళ్ళ తరబడి ఆ కార్డులను సేకరించి, అది హింటన్ వాల్డ్రిస్ట్ అనే పల్లె అని 2003లో నిర్ధారించగలిగాడు. 2009లో ఎలెనా విడాల్‌తో కలిసి ఆ చిత్రాలన్నిటినీ గ్రంథంగా వెలువరించాడు. కార్డులు పెట్టెలో దాగి ఉంటే ఆ పల్లె అజ్ఞాతంగానే మిగిలేది. సేకరణ జ్ఞానంగా మారడమంటే ఇదే.

భారతదేశానికి సంబంధించిన కార్డుల విషయంలో సేకర్త బాధ్యత మరింత పెరుగుతుంది. మద్రాసు ప్రభుత్వ ఛాయాచిత్రకారుడు లీనియస్ ట్రైప్ 1858లో మధుర, తంజావూరు ప్రాంతాలను జంటచిత్రాలలో కూడా నిలిపాడు. మద్రాసు మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాలను ఫోటోలు తీసిన తొలితరం వ్యక్తి కూడా ఆయనే. 1907లో జేమ్స్ రికాల్టన్ అనే అమెరికన్ ఉపాధ్యాయుడు తీసిన నూరు భారతీయ దృశ్యాల సంపుటి వెలువడింది. ఇవి అమూల్యమైనవి. అయితే వాటిని తీసిన కన్ను పరాయిది. కొన్న చేతులు కూడా ఎక్కువగా పరాయివే. కట్టడాలకు, రాజులకు పేర్లున్నాయి. బావి దగ్గర నిలిచిన స్త్రీకి, బరువు మోసే కూలికి సాధారణంగా పేరు ఉండదు. కార్డు మీది వాక్యాన్ని సత్యంగా నమ్మక, ఎవరు ఎవరి కోసం రాశారని ప్రశ్నించేవాడే మంచి సేకర్త.

‘ఈ చిత్రాలన్నీ కంప్యూటరులో ఉచితంగా దొరుకుతున్నప్పుడు కార్డు ఎందుకు?’ అని కొందరు వాదిస్తారు. ఈ వాదంలో కొంత నిజం ఉన్నది. న్యూయార్క్ ప్రజా గ్రంథాలయంలోని రాబర్ట్ డెన్నిస్ సేకరణలో వేలాది కార్డులను నేడు ఎవరైనా తెర మీద చూడవచ్చు. కాని అవి తెర మీదికి ఎలా వచ్చాయి? ఒక వ్యక్తి ఓపికగా ఏరి, భద్రపరచినందువల్లనే కదా! పైగా తెర మీది ప్రతిబింబంలో కాగితపు స్వభావం, అట్ట మందం, అంచు వంపు చేతికి తెలియవు. వెనుకవైపును కూడా ప్రతి తీయకపోతే అక్కడి రాతలన్నీ మరుగున పడతాయి. ప్రతిబింబం అవసరమే, అది మూలానికి తోడు కాగలదు గాని, మారు కాలేదు.

అసలు ప్రమాదం మరొకటి ఉన్నది. క్రమసంఖ్యలతో ఒక సంపుటిగా వెలువడిన కార్డులను లాభం కోసం విడదీసి అమ్మేవారున్నారు. ఒక పుస్తకంలోని పుటలను చించి పంచిపెట్టడం వంటిదే ఇది. మరకలు పోవాలని తడిగుడ్డతో రుద్ది చిత్రాన్నే పోగొట్టేవారున్నారు. అపురూపమైన కార్డును ఎవరికీ చూపక బీరువాలో దాచి గర్వించేవారూ ఉన్నారు. వీరు సొమ్మును కాపాడుకోవచ్చు గాని, చరిత్రను కాపాడలేరు.

వస్తువు చేతులు మారుతుంది. నూరేళ్ళ నాటి కార్డుకు నేటి యజమాని తాత్కాలిక సంరక్షకుడు మాత్రమే. దానిని వెలుతురుకు, తేమకు దూరంగా ఉంచడం, ఎక్కడ దొరికిందో రాసిపెట్టడం, వెనుకవైపు అక్షరాలను కూడా నకలు తీయడం, అడిగినవారికి చూపడం – ఇవే సేకర్త ధర్మాలు. తాతల నాటి పెళ్ళిఫోటో ఇంట్లో ఉన్న ప్రతి విద్యార్థికీ ఈ ధర్మం వర్తిస్తుంది. ఆ ఫోటోలోని వారి పేర్లు చెప్పగల పెద్దలు ఉండగానే అడిగి, వెనుక పెన్సిలుతో మెల్లగా రాసి ఉంచితే, రాబోయే తరానికి అది బొమ్మగా కాక చరిత్రగా మిగులుతుంది.