తువ్వాల్లో చుట్టిన గిన్నె

పండగ రోజుల్లో సాయంత్రంపూట చెన్నై రాయపురంలో సూళ్లూరుపేట లోకల్ ఎక్కితే ఒక దృశ్యం కంటపడుతుంది. కిటికీ పక్కన ఒకావిడ కూర్చుని ఉంటుంది. ఒళ్లో మందపాటి తువ్వాలు, అందులో మూతపెట్టిన పాత్ర, రెండు చేతులూ దానిమీదే. భుజం సంచి కాళ్ల దగ్గర పెట్టినా ఆ పాత్రని మాత్రం కింద పెట్టదు. ఎవరింటికో విందుకి వెళ్తోందని, ఉత్తి చేతులతో వెళ్లడం లేదని ఆ కూర్చున్న తీరే చెబుతుంది.

మొన్న అలాంటి ఒక పాత్రలోంచి వెన్నా మిరియాలూ కాలిన చీజూ కలిసిన వాసన పెట్టెంతా పాకింది. ఎదుటి సీట్లో ఉన్న పెద్దావిడ ఆగలేక అడిగేసింది: "ఏం తీసుకెళ్తున్నావమ్మా?"

"మాకరోనీ పెద్దమ్మా. చీజు వేసి ఓవెన్లో పెట్టాను." ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి, "సులువుగా అయిపోయేదేలెండి. ఇంకేం చెయ్యడానికీ టైము లేకపోయింది" అంది.

ఆ చివరి మాట క్షమాపణలా వినిపించింది. ఈ నాలుగు ముక్కలు రాయాలనిపించింది ఆ క్షమాపణ విన్నందుకే.

సులువుగా అయ్యే వంట పట్టుకెళ్లడం మన ఇళ్లలో నామోషీ. ఎంత కష్టం కనబడితే అంత ప్రేమ ఉన్నట్టు లెక్క. పాకం కోసం పొయ్యి దగ్గర నిలబడిన అరిసెలకి, చెయ్యి కాలిన బొబ్బట్లకి ఉన్న గౌరవం ఇంకొకదానికి లేదు. వాటి రుచి గొప్పదే, కాదనను. కానీ అవి చేసిన మనిషి విందుకి చేరేసరికి ఎలా ఉంటుందో చూడండి. నడుం పట్టేసి, జుట్టుకి నూనె వాసన వేస్తూ, వెళ్లగానే కూర్చోడానికి ఒక మూల వెతుక్కుంటుంది. అందరూ తిని బావుందన్న తర్వాత తను మాత్రం ఆకలి లేదంటుంది. విందు అందరిదీ అయింది గానీ వండినావిడది కాలేదు. ఓవెన్లో పెట్టే వంటకి ఉన్న మంచి గుణం ఇక్కడే ఉంది. పాత్ర లోపల పెట్టి తలుపు మూశాక అరగంట మనది. ఆ అరగంటలో తల దువ్వుకోవచ్చు, చీర మార్చుకోవచ్చు, పిల్లలకి చొక్కా గుండీలు పెట్టచ్చు.

రాయపురం వాళ్లకి ఓవెను నిన్నమొన్న వచ్చినది కాదు. 1856లో దక్షిణ భారతదేశపు మొదటి రైలు ఇక్కడినుంచే వాలాజా రోడ్డుకి బయల్దేరింది. ఆ స్టేషను భవనం ఇప్పటికీ నిలిచే ఉంది. రైలుతోపాటు ఆంగ్లో ఇండియన్ కుటుంబాలూ, వాళ్ల ఓవెన్ వంటలూ వచ్చి స్థిరపడ్డాయి. వెస్ట్ మాదా చర్చి స్ట్రీటులో పార్సీల అగ్నిమందిరం ఉంది. ఫిరోజ్ క్లబ్‌వాలా అనే ఆయన తన కొడుకు జాల్ జ్ఞాపకార్థం 1910లో కట్టించింది. పాలూ గుడ్లూ పంచదారా కలిపి పైన ఎర్రబడేదాకా ఓవెన్లో కాల్చిన ఒక తీపిని పార్సీలు పెళ్లి భోజనంలో వడ్డిస్తారు. పేరు లగన్ ను కస్టర్డ్. లగన్ అంటే మన లగ్నమే. పెళ్లి పేరే వంటకి పెట్టుకున్నారు.

మా పై వాటాలో ఉన్న రైల్వే గార్డుగారి ఇంట్లో ఒక గుండ్రటి అల్యూమినియం ఓవెన్ ఉండేది. మూత మధ్యలో అరచేయంత గాజు కిటికీ. కరెంటు పెట్టగానే సన్నగా గుయ్యిమనేది. డిసెంబరులో ఆ గాజు కిటికీ దగ్గర మా పిల్లలందరి తలలూ ఒకదాన్నొకటి తోసుకునేవి. లోపల మాకరోనీ మీద చీజు ముందు చెమర్చినట్టు మెరిసేది, తర్వాత బుడగలొచ్చేది, ఆ తర్వాత అంచుల దగ్గర గోధుమ రంగు మొదలై మధ్యకి నడిచేది. గార్డుగారింటి ఆంటీ ఆ మాకరోనీని మా అమ్మ గిన్నెలోనే పంపేది. గిన్నె అంచున చుక్కలు చుక్కలుగా అమ్మ పేరు, పెళ్లి తేదీ కొట్టించి ఉండేవి, పాత్రల కొట్టులో కొట్టించినవే. ఆ గిన్నె మా ఇంటినుంచి సున్నుండలతో పైకి వెళ్లేది, పైనుంచి కల్‌కల్ అనే తీపితోనో మాకరోనీతోనో కిందికి వచ్చేది. ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదన్న పట్టింపు రెండిళ్లలోనూ ఉండేది. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడిగే అవసరం ఎవరికీ రాలేదు.

ఇక వంట సంగతి. 250 గ్రాముల మాకరోనీ, 50 గ్రాముల వెన్న, మూడు పెద్ద చెంచాల మైదా, 600 మిల్లీలీటర్ల పాలు, 200 గ్రాముల తురిమిన చీజు. వేరే వంటకాలూ ఉన్న విందులో ఇది ఎనిమిది మందికి సరిపోతుంది. మాకరోనీ ఉప్పు నీళ్లలో కొంచెం పలుకు ఉండగానే వార్చేయాలి. మిగిలిన ఉడుకు ఓవెన్లో పాలు పీల్చుకుంటూ అవుతుంది. పూర్తిగా ఉడికించినది ఓవెన్లోంచి వచ్చేసరికి పిండిముద్ద అయిపోతుంది. వెన్నలో మైదా పచ్చి వాసన పోయేదాకా సన్న సెగన వేయించి, పాలు కొద్దికొద్దిగా పోస్తూ కలిపితే ఉండలు కట్టదు. గరిటె వెనకవైపు వేలితో గీస్తే గీత నిలిచేటంత చిక్కబడాలి.

అసలు కిటుకు తర్వాత ఉంది. చీజు వేసేముందు పొయ్యి ఆపేయాలి. మరిగే పాలలో వేస్తే చీజులోని నెయ్యి ఒకవైపు, సాగే పీచు ఒకవైపు విడిపోతాయి. డబ్బాల్లో, ముక్కల్లో దొరికే ప్రాసెస్డ్ చీజు కొంత ఓర్చుకుంటుంది. నెయ్యినీ మాంసకృత్తుల్నీ కలిపి పట్టి ఉంచే లవణాలు అందులో ముందే కలిపి ఉంటాయి. 1911లో స్విట్జర్లాండ్‌లో కనిపెట్టిన పద్ధతి అది. సగం అదీ సగం చెడ్డారూ వేసుకుంటే సాగుడూ రుచీ రెండూ వస్తాయి. మిరియాలు దంచి వెయ్యండి. ఒక అర చెంచా ఆవపిండి కూడా. ఆవపిండి ఏమిటని ఆశ్చర్యపోకండి, ఇంగ్లీషువాళ్లు కూడా ఈ వంటలో ఆవపొడి వేస్తారు. చీజు బరువుని ఆ ఘాటు విరుస్తుంది. ఆవకాయ కలిపిన చేతికి అది వేరే చెప్పాలా! వేయించిన ఉల్లిపాయ, స్వీట్‌కార్న్, సన్నగా తరిగిన పచ్చిమిర్చి మీ ఇష్టం. వార్చిన మాకరోనీ ఇందులో కలిపి పాత్రలోకి తీసి, పైన నలిపిన రస్కు, ఇంకాస్త చీజు చల్లి 180 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు.

ఓవెన్ లేకపోతే కుక్కర్ ఉంది. అడుగున ఉప్పు మందంగా పరిచి, స్టాండు పెట్టి, గాస్కెట్టూ వెయిటూ తీసేసి పది నిమిషాలు వేడెక్కనిచ్చి, పాత్ర లోపల పెట్టి సన్న సెగన అరగంట ఉంచాలి. పైన ఎర్రబడదు కాబట్టి రస్కు పొడిని ముందే వెన్నలో వేయించి చల్లుకోవాలి. గుడ్డు లేదు, మాంసం లేదు. చీజు ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసుకుంటే శాకాహారుల ఇంటికీ నిశ్చింతగా తీసుకెళ్లచ్చు. మన ఊరి ఎండకి పాల వంట గంటల తరబడి బయట ఉండకూడదు, రెండు గంటల్లో తినేయాలి, ఎండ మండుతుంటే ఇంకా ముందే. ఓవెన్లోంచి తీసిన గాజు పాత్రని తడిసిన గట్టుమీద పెట్టకండి, పగులుతుంది.

పిల్లల పుస్తకాల్లో చీజుని జున్ను అని రాస్తుంటారు. రెండూ వేరు. ఈనిన గేదె మొదటి రోజుల పాలల్లో బెల్లమూ మిరియాల పొడీ వేసి ఆవిరిమీద ఉడికిస్తే మన జున్ను. అయినా ఆ పోలిక నాకు పూర్తిగా తప్పనిపించదు. గేదె ఈనితే జున్నుపాలు ఒక్క ఇంట్లోనే దాచుకునేవాళ్లు కాదు, చెంబుల్లో చుట్టుపక్కల ఇళ్లకి పంపేవాళ్లు. అందుకున్న ఇంట్లో మంట పెట్టడం తప్ప చేసేదేముంది? మనకి సులువైన కానుక కొత్తేమీ కాదు.

ఈ మాకరోనీ చరిత్రలో కూడా వండిన చేతి సంగతి ఒకటుంది. 1769లో ఎలిజబెత్ రాఫాల్డ్ అనే ఇంగ్లీషావిడ తన వంటల పుస్తకంలో మాకరోనీకి చీజు కలిపి వండే తీరు రాసింది. అమెరికాలో దానికి పేరు తెచ్చింది మాత్రం అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ అంటారు. జెఫర్సన్ ఇంట బానిసగా ఉన్న జేమ్స్ హెమింగ్స్ 1784లో ఆయనతో పారిస్ వెళ్లి ఫ్రెంచి వంట నేర్చుకున్నాడు. తన విద్య అంతా తమ్ముడు పీటర్‌కి నేర్పాక గానీ, 1796లో, అతనికి విడుదల రాలేదు. జెఫర్సన్ బతికినంతకాలం తమ్ముడు బానిసగానే ఉండిపోయాడు. 1802లో అధ్యక్ష భవనం విందులో మాకరోనీ తిన్న ఒక అతిథి ఆ సంగతి రాసిపెట్టుకున్నాడు. వంట దేశమంతా తిరిగింది, నేర్చినవాళ్లకి మాత్రం ఆ బల్ల దగ్గర కుర్చీ లేదు.

అదే అమెరికాలో ఇప్పుడు మన తెలుగువాళ్లు తలా ఒక ట్రే తెచ్చుకుని కలిసి భోంచేస్తారు. పులిహోర పక్కన మాకరోనీ, గుత్తివంకాయ పక్కన కేకు. ఎవరూ ఒక్కరే వంటింట్లో చిక్కుకోరు. అక్కడినుంచి మనం తెచ్చుకోదగ్గ పద్ధతి ఇది. ఇక్కడ మాత్రం విందంటే అంతా ఆ ఇంటి ఇల్లాలి నెత్తిన పడుతోంది, లేదంటే ఫోనులో ఆర్డరు పెట్టిన అట్టపెట్టెలు గుమ్మంలో దిగుతున్నాయి. అట్టపెట్టె చెత్తబుట్టలోకి పోతుంది. దాన్ని తిరిగి ఇవ్వడానికి ఎవరూ మెట్లెక్కరు.

ఆ లోకల్లో ఆవిడకి పెద్దావిడ ఇచ్చిన జవాబు ఇంకా చెవిలో ఉంది. "సులువైతే నాకూ చెప్పమ్మా, ఆదివారం మా మనవరాలి పుట్టినరోజు." కొరుక్కుపేట దాటేలోపు కొలతలన్నీ ఒక పాత టికెట్టు వెనక ఎక్కాయి.

ఈ డిసెంబరులో మీరూ ఎవరింటికైనా వెళ్తుంటే ఇది చేసి పట్టుకెళ్లండి, మీ పేరు కొట్టించిన గిన్నెలోనే. సులువుగా అయిందని క్షమాపణ చెప్పకండి. గిన్నె తర్వాత తీసుకుంటానని చెప్పి, అక్కడే వదిలేసి రండి.